ఏ కన్యాశుల్కం? ఒక ఎంఏ ప్రాజెక్టు రిఫరెన్సులు సరిచేసిన కేసు

ఉత్తరాంధ్రలో ఒక పీజీ కాలేజీ లైబ్రరీలో పని చేస్తున్నాను. ప్రాజెక్టులు సబ్మిట్ చేసే రోజులు దగ్గర పడితే పుస్తకాలకన్నా రిఫరెన్సుల కోసం వచ్చే పిల్లలే ఎక్కువ. వాళ్ళలో ఒక అమ్మాయి కేసు ఇది. ఆమెను అడిగి, సరేనన్నాకే రాస్తున్నాను. పేరు, కాలేజీ చెప్పను.

ఎంఏ ఇంగ్లిష్ ఆఖరి సెమిస్టర్. అంశం గురజాడ కన్యాశుల్కంలో స్త్రీ పాత్రలు. 64 పేజీల ప్రాజెక్టు రాసి గైడుకు ఇచ్చింది. ఆయన మొదటి పేజీ మీదే ఎర్ర పెన్నుతో రెండు ముక్కలు రాసి తిప్పి పంపారు: రిఫరెన్సులు ఒక స్టైల్లో లేవు, సిమిలారిటీ (వేరేవాళ్ళ రాతతో కలిసిన భాగం) 31 శాతం. గడువు పదకొండు రోజులు.

"మేడమ్, కామా ఎక్కడ, ఫుల్‌స్టాప్ ఎక్కడ పెట్టాలో చెప్పండి చాలు. రాత్రికి కూర్చుని మార్చేస్తాను" అంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ముందురోజు నిద్రపోయినట్టు లేదు. కూర్చోబెట్టి చివరి నాలుగు పేజీలూ చూశాను. ఒక్క రాత్రిలో అయ్యే పని కాదని అప్పుడే అర్థమైంది. ఆమె టెన్షన్ చూసి ఆ మాట వెంటనే అనలేదు.

పట్టికలో ఏముంది

మొత్తం 43 ఎంట్రీలు. కొన్నింటిలో రచయిత పేరు పక్కనే బ్రాకెట్‌లో సంవత్సరం ఉంది, అది ఏపీఏ పద్ధతి. కొన్నింటిలో సంవత్సరం చివరికి వెళ్ళింది, అది ఎంఎల్ఏ. రెండు మూడు చోట్ల ప్రచురణ చోటు, కోలన్, ప్రచురణ సంస్థ వరసగా ఉన్నాయి, అది పాత షికాగో. ఎందుకిలా అయ్యిందని అడిగితే ఆమె నిజమే చెప్పింది. గూగుల్ స్కాలర్‌లో వ్యాసం కింద సైట్ (Cite) అన్న బటన్ నొక్కితే ఎంఎల్ఏ, ఏపీఏ, షికాగో, హార్వర్డ్, వాంకూవర్ అని ఐదు వరసలు ఒకేసారి వస్తాయి. ఏది చేతికి తగిలితే అది కాపీ చేసుకుంది. అవి ఐదు వేర్వేరు పద్ధతులని, ఒక పేపర్‌కు ఒకటే వాడాలని రెండేళ్ళ ఎంఏలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. తప్పు ఆమె ఒక్కదానిదే అని నేను అనుకోను.

ముందు 43 ఎంట్రీలనూ విడివిడి చీటీల మీద రాయించాను. ఒక్కో చీటీ పట్టుకుని రెండు ప్రశ్నలు: ఈ పుస్తకం నీ చేతిలోకి వచ్చిందా? దీని మాట నీ 64 పేజీల్లో ఎక్కడుంది?

మధ్యాహ్నానికి లెక్క తేలింది. ఏడు చీటీలకు ప్రాజెక్టులో ఎక్కడా చోటు లేదు, పట్టిక నిండుగా కనిపించాలని చేర్చినవి. నాలుగు చీటీలు ఉన్నవాటికే నకళ్ళు, అదే పుస్తకం, రచయిత పేరు మాత్రం రెండు రకాలుగా. మూడు చీటీలను ఎంత వెతికినా దొరకలేదు, వాటి సంగతి తర్వాత చెబుతాను. మరో నాలుగు పుస్తకాలను ఆమె చూడనే లేదు, వేరేవాళ్ళ వ్యాసాల్లోంచి ఎత్తి రాసుకుంది. ఇటు లోపల పేరు చెప్పి పట్టికలో మరిచిపోయినవి రెండు.

సంవత్సరం ఎందుకు ముందుకొచ్చింది

కామాల దగ్గరికి వెళ్ళే ముందు ఒక పూట ఈ పద్ధతులు ఎందుకు పుట్టాయో మాట్లాడుకున్నాం. కారణం తెలియకుండా బట్టీ పడితే వచ్చే సెమిస్టర్‌కు మరిచిపోతారని నా అనుభవం.

ఏపీఏ అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తల సంఘానిది. 1929లో ఏడు పేజీల వ్యాసంగా మొదలై ఇప్పుడు ఏడో కూర్పుకు వచ్చింది. ఆ శాస్త్రంలో పదేళ్ళ కిందటి ప్రయోగం పాతబడిపోవచ్చు. చదివేవాడికి ముందు కావాల్సింది 'ఎవరు, ఎప్పుడు' అన్నది. అందుకే పేరు పక్కనే సంవత్సరం. సాహిత్యం చదివేవాళ్ళ ఎంఎల్ఏలో వాక్యం పక్కన పేరు, పేజీ నంబరు మాత్రమే ఉంటాయి, మధ్యలో కామా కూడా ఉండదు. సాహిత్యంలో ముందు కావాల్సింది ఆ మాట పుస్తకంలో ఎక్కడుంది అన్నది, పక్కవాడు తెరిచి చూసుకోవాలి కదా. చరిత్రకారులు ఒక్కో పాత కాగితం గురించి నాలుగు మాటలు చెప్పాలి కాబట్టి షికాగో పాదసూచికలను ఇష్టపడతారు. డాక్టర్లకూ ఇంజనీర్లకూ వాక్యం మధ్యలో పేర్లు అడ్డు, అందుకే వాంకూవర్, ఐట్రిపుల్ఈ పద్ధతుల్లో అంకె వేసి వదిలేస్తారు.

ఇది మనకు కొత్తదేమీ కాదని కూడా చెప్పాను. తెలుగు పండితులు 'ఆది. 1-26' అని రాస్తే చదివినవాళ్ళకు ఇంకేం అక్కర్లేదు. ఆదిపర్వం, మొదటి ఆశ్వాసం, ఇరవై ఆరో పద్యం. నన్నయ తన ప్రసన్నకథాకలితార్థయుక్తి గురించి చెప్పుకున్న పద్యం దగ్గరికి నేరుగా వెళతారు. ఏ ప్రెస్సు వేసిన భారతమైనా సరే. ఆ అమ్మాయి తెలుగు మీడియంలో చదివి వచ్చింది. ఈ ఉదాహరణ చెప్పాక మొహంలో కాస్త తేట వచ్చింది.

వాళ్ళ డిపార్ట్‌మెంట్ ఇచ్చిన కాగితంలో ఎంఎల్ఏ తొమ్మిదో కూర్పు అని ఉంది. గైడు నోటితో చెప్పినప్పుడు ఏపీఏ అన్నారట. నేనే ఫోన్ చేసి అడిగాను. కాగితంలో ఉన్నదే పాటించమన్నారు. ఎవరి దగ్గరైనా మొదట తేల్చుకోవాల్సింది ఇదే. రెండు నిమిషాల ఫోన్ కాల్, రెండు వారాల శ్రమ తప్పిస్తుంది.

తేడా కంటికి కనిపించడానికి ఒకే పుస్తకాన్ని మూడు పద్ధతుల్లో బోర్డు మీద రాశాను. కన్యాశుల్కానికి వెల్చేరు నారాయణరావు చేసిన ఇంగ్లిష్ అనువాదం, ఇండియానా యూనివర్సిటీ ప్రెస్, 2007.

ఎంఎల్ఏ: గురజాడ అప్పారావు. గర్ల్స్ ఫర్ సేల్: కన్యాశుల్కం, ఎ ప్లే ఫ్రమ్ కలోనియల్ ఇండియా. ట్రాన్స్‌లేటెడ్ బై వెల్చేరు నారాయణరావు, ఇండియానా యూపీ, 2007.

ఏపీఏ: గురజాడ, ఎ. (2007). గర్ల్స్ ఫర్ సేల్: కన్యాశుల్కం, ఎ ప్లే ఫ్రమ్ కలోనియల్ ఇండియా (వి. నారాయణరావు, ట్రాన్స్.). ఇండియానా యూనివర్సిటీ ప్రెస్. (ఒరిజినల్ వర్క్ పబ్లిష్డ్ 1909)

షికాగో పాదసూచిక: గురజాడ అప్పారావు, గర్ల్స్ ఫర్ సేల్: కన్యాశుల్కం, ఎ ప్లే ఫ్రమ్ కలోనియల్ ఇండియా, ట్రాన్స్. వెల్చేరు నారాయణరావు (ఇండియానా యూనివర్సిటీ ప్రెస్, 2007), ఆ తర్వాత పేజీ నంబరు.

షికాగోలో ప్రచురణ ఊరు కూడా రాయాలని చాలామంది అనుకుంటారు. 2024లో వచ్చిన పద్దెనిమిదో కూర్పు నుంచి అది తప్పనిసరి కాదు. ఏపీఏ అంతకుముందే తీసేసింది.

ఇంటిపేరు చిక్కు

నకళ్ళు నాలుగు ఎలా వచ్చాయో చెప్పాలి. అమెరికా పద్ధతులన్నీ చివరి పేరే ఇంటిపేరు అని నమ్మి, దాన్ని ముందుకు తెచ్చి కామా పెట్టమంటాయి. మనకు ఇంటిపేరు ముందే ఉంటుంది. వెల్చేరు నారాయణరావు గారినే తీసుకోండి. ఒకచోట 'రావు, వి. ఎన్.' అని, ఇంకోచోట 'నారాయణరావు, వెల్చేరు' అని, మరోచోట 'వెల్చేరు, ఎన్.' అని కనిపిస్తారు. ఒక్క మనిషి పట్టికలో ముగ్గురైపోతారు. 'రావు' కింద పెడితే సగం మంది తెలుగు రచయితలు అక్కడే గుంపుగా చేరతారు, ఎవరు ఎవరో తెలియదు.

ఇంటిపేరు ముందు వచ్చే భాషల పేర్లను తిప్పకుండా, కామా లేకుండా ఉన్నది ఉన్నట్టు రాసే వీలు ఎంఎల్ఏలో ఉంది. మేం దాన్నే పట్టుకున్నాం. గురజాడ అప్పారావు అలాగే ఉంటారు, గ దగ్గరే వస్తారు. అయితే ఇంగ్లిష్‌లో రాసే విద్వాంసులు పుస్తకం అట్ట మీద, తమ వ్యాసాల్లో తమ పేరు ఎలా వాడుకుంటే అలాగే రాశాం. ఏది ఎంచుకున్నా మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా అదే ఉండాలి. ఇక్కడ అంతర్జాతీయంగా ఒప్పుకున్న నియమం కోసం ఎదురు చూడొద్దని నా సలహా. మీ డిపార్ట్‌మెంట్‌లో నలుగురూ కూర్చుని ఒక పేజీ రాసి పెట్టుకోండి.

ఇంకో సంగతి. ఆమె వాడిన వ్యాస సంపుటి ఒకదాని మీద ఇంగ్లిష్ సంవత్సరమే లేదు. లోపల 'సౌమ్య నామ సంవత్సరం' అని మాత్రం ఉంది. అరవై ఏళ్ళకోసారి తిరిగే పేరు కాబట్టి 1909-10 కావచ్చు, 1969-70 కావచ్చు. పీఠిక చదివితే ఆంధ్రప్రదేశ్ అన్న మాట కనిపించింది. 1956కు ముందు ఆ రాష్ట్రం లేదు కదా. కాబట్టి రెండోదే. పుస్తకంలో లేని తేదీని మనం బయటి ఆధారంతో తేల్చుకున్నప్పుడు చదరపు బ్రాకెట్‌లో రాయాలి. ఉగాదితో మొదలయ్యే సంవత్సరం రెండు ఇంగ్లిష్ సంవత్సరాల్లో పడుతుంది కాబట్టి రెండూ రాశాం. పాత తెలుగు పుస్తకాలతో పని చేసేవాళ్ళకు ఇది తరచూ ఎదురయ్యేదే. 'తేదీ లేదు' అని రాసేసే ముందు పీఠిక ఒకసారి చదవండి.

అసలు తప్పు బయటపడిన చోటు

మూడో రోజు మూల గ్రంథం దగ్గరికి వచ్చాం. ఆమె పట్టికలో ఇలా ఉంది: గురజాడ అప్పారావు. కన్యాశుల్కం. 1897. నేను మా షెల్ఫులో ఉన్న ప్రతి తీసి ఇచ్చి, ఎంఎల్ఏ అడిగే తొమ్మిది వివరాలూ ఒక్కోటి నింపమన్నాను. రచయిత నింపింది. పేరు నింపింది. 'కూర్పు' అన్న గడి దగ్గర ఆగిపోయింది.

"కూర్పంటే ఏంటి మేడమ్? ఒకటే కదా కన్యాశుల్కం?"

ఒకటి కాదు. నాటకం 1892లో విజయనగరంలో ఆడారు. 1897లో మొదటి కూర్పు అచ్చయింది. దాన్ని గురజాడ దాదాపు పూర్తిగా తిరగరాసి 1909లో రెండో కూర్పు వేశారు. మనం బజార్లో కొనే, క్లాసులో చదివే, స్టేజీ మీద చూసే ఏడు అంకాల నాటకం ఆ 1909ది. 1897 కూర్పు తర్వాతి కాలంలో విడిగా అచ్చయింది కానీ చదివినవాళ్ళు తక్కువ. రెండింటినీ పోల్చినవాళ్ళు చెప్పే ముఖ్యమైన తేడాల్లో ఒకటి, వేశ్య మధురవాణి పాత్ర రెండో కూర్పులో బాగా పెరిగిందన్నది.

ఇప్పుడు ఆమె మూడో అధ్యాయం తెరిచాం. అధ్యాయం మొత్తం ఒక వాదన మీద నిలబడి ఉంది: 1897లోనే గురజాడ ఒక వేశ్యను నాటకానికి కేంద్రంగా నిలబెట్టారు, ఆ కాలానికి అది ఎంత సాహసమో చూడండి అని. దానికి ఆధారంగా తీసుకున్న సంభాషణలన్నీ మధురవాణి, వకీలు సౌజన్యారావు పంతులు ఎదురెదురుగా మాట్లాడుకునే చివరి స్థలంలోవి (ఆ నాటకంలో సీన్‌ను స్థలం అంటారు). అవి తీసింది 1909 కూర్పు నుంచి. వాదనకు పన్నెండేళ్ళ తేడా వచ్చింది.

ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అంటే ఇరవై పేజీలూ పోయినట్టేనా" అని అడిగింది. పోలేదు. గురజాడ ఆ పన్నెండేళ్ళలో మధురవాణిని ఎందుకు పెంచారు అన్నది ఇంకా మంచి ప్రశ్న. కానీ ఆ ప్రశ్న వేయాలంటే రెండు కూర్పులూ చదవాలి. గైడు గారితో మాట్లాడాం. ఉన్న గడువులో రెండు కూర్పుల పోలిక కుదరదు కాబట్టి, తన మాట 1909 కూర్పు వరకే అని పరిచయంలో స్పష్టంగా రాసి, అధ్యాయంలో 'సాహసం' అన్న వాదనను ఆ మేరకు సవరించుకోమన్నారు. రెండు పేజీలు తీసేసి ఒకటిన్నర పేజీ కొత్తగా రాసింది.

నన్ను కదిలించిన విషయం ఇది. మూడు నెలలు నాటకం చదివినా, గైడుతో నాలుగుసార్లు కూర్చున్నా కనిపించని తప్పు, పట్టికలో ఒక గడి నింపబోతే కనిపించింది.

మూల గ్రంథాన్ని పేజీ నంబరుతో కాకుండా అంకం, స్థలం నంబర్లతో చూపించాలని కూడా అప్పుడే నిర్ణయించాం. కన్యాశుల్కం ఎన్ని సంస్థలు ఎన్నిసార్లు వేశాయో లెక్క లేదు. ఒక ప్రతిలో 150వ పేజీలో ఉన్నది ఇంకో ప్రతిలో 190లో ఉంటుంది. ఏడో అంకం ఎక్కడైనా ఏడో అంకమే. పద్యానికి ఆశ్వాసం ఎలాగో నాటకానికి ఇదలాగ. పేజీ కూడా ఇచ్చి, దాని పక్కన అంకం, స్థలం ఇస్తే ఇంకా మంచిది.

చూడని పుస్తకాల సంగతి కూడా ఇదే దారిలో తేలింది. రెండో అధ్యాయంలో ఆమె ఒక అంకె వాడింది: విశాఖ జిల్లాలో మూడేళ్ళలో బ్రాహ్మణ కుటుంబాల్లో 1,034 కన్యాశుల్క వివాహాలు, అంటే ఏడాదికి సగటున 344. ఆధారంగా ఒక వెబ్‌సైట్ పేరు ఉంది. ఆ సైట్ వాళ్ళు దాన్ని జనాభా లెక్కల నుంచి తీసుకున్నట్టు రాశారు. నిజానికి ఆ అంకె గురజాడ మొదటి కూర్పుకు ఇంగ్లిష్‌లో రాసుకున్న పీఠికలోది. విజయనగరం మహారాజా తయారు చేయించిన జాబితా అది, సెన్సస్ కాదు. మా లైబ్రరీలో ఉన్న 1909 కూర్పు ప్రతిలోనే ఆ పీఠిక కూడా ఉంది, చూపించాను. మిగతా మూడింటిలో రెండు దొరికాయి, చదివి నేరుగా వాటినే ఆధారంగా చూపించింది. ఒకటి దొరకలేదు. దాన్ని 'ఫలానావారి వ్యాసంలో ఉటంకించినది' అని చెప్పి, పట్టికలో చదివిన వ్యాసాన్ని మాత్రమే ఉంచాం. అలా రాయడం చిన్నతనమేమీ కాదు.

దొరకని మూడు

ఒక ఏఐ చాట్‌బాట్‌ను 'కన్యాశుల్కం మీద వ్యాసాలు చెప్పు' అని అడిగితే అది ఇచ్చినవి. పేర్లు నమ్మదగినట్టే ఉన్నాయి. సంపుటి, సంచిక, పేజీలు, డీఓఐ అన్నీ ఉన్నాయి. డీఓఐ అంటే 10. తో మొదలయ్యే శాశ్వత నంబరు. డీఓఐ డాట్ ఓఆర్‌జీ సైట్లో అది కొడితే వ్యాసం తెరుచుకోవాలి. ఒకటి అసలు తెరుచుకోలేదు. ఒకటి చేపల పెంపకం మీద వ్యాసానికి వెళ్ళింది. మూడోదానికి నంబరే లేదు. ఆ పత్రిక ఆ సంచికలో ఆ పేజీల్లో వేరే వ్యాసం ఉంది. మూడూ కొట్టేశాం, వాటి మీద ఆధారపడ్డ మూడు వాక్యాలతో సహా.

ఈ విషయంలో నేను పిల్లలకు గట్టిగా చెబుతాను. కామా తప్పయితే మార్కు పోతుంది. లేని వ్యాసాన్ని ఉన్నట్టు చూపిస్తే అది అబద్ధపు సాక్ష్యం. ఆమెకు ఆ ఉద్దేశం లేదు, లేవని తెలియక పెట్టింది. కానీ పరీక్షించేవాళ్ళకు ఆ తేడా తెలిసే దారి లేదు.

31 శాతం ఎలా తగ్గింది

సిమిలారిటీ రిపోర్టు తెరిచి చూస్తే ఆమె దొంగతనం ఏమీ చేయలేదు. దాదాపు ప్రతి పేరా చివర రచయిత పేరు ఇచ్చింది. కానీ పేరా మొత్తం ఆయన మాటలే, కొటేషన్ గుర్తులు లేవు. పేరు చెబితే సరిపోతుందని ఆమె నమ్మకం. పేరు చెప్పడం ఆలోచన ఎవరిదో చెబుతుంది. మాటలు కూడా వాళ్ళవేనని చెప్పేది కొటేషన్ గుర్తులే. రెండూ కావాలి. ఎంఎల్ఏలో నాలుగు వరసలు దాటిన వచన భాగాన్ని గుర్తులు లేకుండా అర అంగుళం లోపలికి జరిపి విడిగా పెట్టాలి. ఏపీఏలో అయితే 40 పదాలు, లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే.

ఆమెను భయపెట్టిన 31 శాతం గురించి కూడా కొంచెం చెప్పాలి. యూనివర్సిటీలకు నియమాలు పెట్టే యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం దాకా జరిమానా లేదు. 10 దాటి 40 దాకా ఉంటే ఆరు నెలలు మించని గడువులో సరిచేసి మళ్ళీ ఇవ్వాలి. 40 నుంచి 60 అయితే ఏడాది పాటు ఇవ్వనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. ఆధారం చూపించిన కొటేషన్లు, రిఫరెన్సుల పట్టిక, విషయసూచిక లాంటివి లెక్కలోకి రావు. 14 పదాల దాకా వరసగా కలిసిన సాధారణ మాటలు కూడా రావు. ఆమె రిపోర్టులో పట్టికను మినహాయించనే లేదు. సెట్టింగ్ మార్చగానే 31 కాస్తా 24 అయ్యింది. మిగతాది పని చేసి తగ్గించాల్సిందే.

దానికి మేం పట్టిన పద్ధతి ఒకటే. పేరా చదువు, పుస్తకం మూసెయ్, నాకు తెలుగులో చెప్పు. చెప్పగలిగితే అదే ఇంగ్లిష్‌లో రాయి. చెప్పలేకపోతే నీకు అర్థం కాలేదన్నమాట, మళ్ళీ చదువు. మొదటి రెండు పేరాలకు గంట పట్టింది. ఐదో రోజుకు తనంతట తానే చేసుకుంది. పర్యాయపదాలు మార్చే యాప్‌లు ఒద్దన్నాను. వాటితో శాతం తగ్గుతుంది కానీ వాక్యం విరిగిపోతుంది. చివరికి రిపోర్టు 8 శాతం చూపించింది.

చివరి రెండు రోజులు జొటెరో నేర్చుకుంది, రిఫరెన్సులు దాచుకుని పట్టిక తయారు చేసే సాఫ్ట్‌వేర్ అది. ఉచితం, 2006 నుంచి ఉంది, స్టైల్ మార్చాలంటే ఒక్క క్లిక్. తెలుగు పేర్లకు ఒక చిట్కా: రచయిత పేరు దగ్గర రెండు గడుల బదులు ఒకే గడి ఎంచుకుంటే అది పేరును తిప్పదు, కామా పెట్టదు. తెలుగు పుస్తకాల వివరాలు మాత్రం చేత్తోనే నింపుకోవాలి. బటన్ నొక్కితే వచ్చేవి చాలాసార్లు తప్పు.

43 ఎంట్రీలు 31 అయ్యాయి. పట్టిక నాలుగు పేజీల నుంచి మూడుకు తగ్గిందని ఆమెకు దిగులు, తక్కువ చదివినట్టు కనిపిస్తానేమో అని. పదకొండో రోజు మధ్యాహ్నం సబ్మిట్ చేసింది.

వైవా రోజు బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ తన సంచిలోంచి సొంత కన్యాశుల్కం తీశారట, అట్ట ఊడిపోయిన పాత ప్రతి. ఆమె ప్రాజెక్టులో ఒక సంభాషణ దగ్గర వేలు పెట్టి, అక్కడున్న అంకం, స్థలం నంబర్లు చూసి, తన పుస్తకంలో ఆ చోటు తెరిచి, పైకి చదివారు. తర్వాత ఆమె వైపు తిరిగి "1909 కూర్పు వరకే అన్నావు. మరి 1897ది ఎప్పుడు చదువుతావు?" అని అడిగారు. బయటికొచ్చి నేరుగా లైబ్రరీకి వచ్చింది. మా దగ్గర ఆ కూర్పు లేదు. వేరే లైబ్రరీ నుంచి తెప్పించడానికి ఫారం నింపి ఇచ్చాను. ఆమె సంతకం చేసింది.